నలభై గీత

1.
వరదలకు ఊళ్ళు వదిలి మెట్టలు ఎక్కిన నలభై ఒకటో సంవత్సరం, అక్టోబరు 9, గురువారం. ఉదయం 7:20.

ఈ పుస్తకం ఇవాళ మొదలుపెట్టడానికి కారణం ఉంది. రాడార్ గదిలోని పెద్ద పుస్తకంలో వివరాలు రాసుకునే గడిని పోయినేడు కమిటీ తీసేసింది. ఇప్పుడు అందులో తేదీ, సమయం, రాడార్ చూపిన అంకె, సంతకం తప్ప మరి దేనికీ చోటు లేదు. నా దగ్గర ఆ గడుల్లో ఇమడని సంగతి ఒకటి ఉంది. దాన్ని ఎక్కడో ఒకచోట రాయకపోతే లెక్క ఎగ్గొట్టినట్టే.

నా పేరు గొర్లె హైమవతి. వయసు డెబ్బై నాలుగు. ముప్పై మూడేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. పదకొండేళ్ళుగా ఏడో మెట్ట మీద వాన లెక్క రాస్తున్నాను. రాడార్‌ను తిప్పేది నా మనవరాలు తరళ. దానికి ఇరవై ఆరేళ్ళు. పని వచ్చు. తల దువ్వుకోవడం మాత్రం రాదు.

నిన్నటి వాన, మిల్లీమీటర్లలో:

ఆరో మెట్ట, గ్లాసులో 52, రాడార్‌లో 25.
ఎనిమిదో మెట్ట, గ్లాసులో 46, రాడార్‌లో 21.
పల్లం, గ్లాసులో 40, రాడార్‌లో 19.

గ్లాసంటే స్తంభానికి బిగించిన గాజు గొట్టం. పడిన వాన అందులో నిలుస్తుంది, ఉదయం ఆరింటికీ, వాన ఆగాకా చూసి చెబుతారు. దాన్ని మించిన నిజాయితీపరుడు లేడు, కానీ తన మూతిలో పడ్డ నీళ్ళు తప్ప దానికి ఏమీ తెలియదు. రాడార్ అలా కాదు. అలలను పంపి, వాన చినుకులను తాకి తిరిగొచ్చిన వాటిని బట్టి ఎక్కడ ఎంత కురుస్తోందో అంచనా కడుతుంది. మాది చిన్నది, బోర్లించిన గంగాళమంత ఉంటుంది. అయినా ముప్పై కిలోమీటర్ల మేర చూస్తుంది. పైన తిరిగే ఉపగ్రహాలు ఆగిపోయాక లోయలో ప్రతి ఏడెనిమిది మెట్టలకూ ఇలాంటిది ఒకటి పెట్టుకున్నాం. బ్యాటరీ ఎక్కువ తాగుతుంది కనుక గంటకు రెండుసార్లే తిప్పుతాం.

పడమట జంటకొండల్లో మనుషులు లేరు. కొండచరియలు జారిన ఏడే అందరూ దిగి వచ్చేశారు. మనుషులు లేనిచోట గ్లాసులూ లేవు. అక్కడ కురిసే వానకు మా రాడార్ ఒక్కటే సాక్షి. ఆ వానే ఐదు గంటల తర్వాత కత్తివాగులోకి వస్తుంది. కత్తివాగుకు అవతల పల్లం ఉంది. పల్లంలో ఈ రోజున రెండు వందల పన్నెండు మంది గుడిసెలు వేసుకుని వరి కోస్తున్నారు. వాగు నిండితే వాళ్ళకు వేరే దారి లేదు.

కొండల మీద గంటకు నలభై మిల్లీమీటర్ల వాన వరుసగా రెండుసార్లు కనబడితే పల్లం వాళ్ళను పైకి పిలవాలి. నలభై గీత అంటే అదే. మా రాడార్ నలభైని పందొమ్మిదిగా చూపిస్తుంటే ఆ గీత ఎక్కడున్నట్టు?

2.
అక్టోబరు 10, శుక్రవారం. ఉదయం 6:40.

ముందు గ్లాసులను అనుమానించాను. పల్లం గ్లాసు చూసేది పోలినాయుడు. అక్కడి కోతలకు పెద్ద. ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాడు. వైర్‌లెస్‌లో పిలిచాను.

"గ్లాసును కంటికి సమానంగా పెట్టి చూశావా, పైనుంచి వంగి చూశావా?"

"స్తంభం కాడ మోకాళ్ళ మీద కూకుని సూసినాను పంతులమ్మా. మా ఇంటిది నాను దండమెట్టుకుంటన్నాననుకుంది."

"అంకె?"

"నలభయ్యే. ఎనిమిదో తరగతి తప్పినాను గానీ నలభై దాకా వొచ్చు."

"రాడార్ పందొమ్మిది అంటోంది."

 అతని గొంతు మారింది. "పంతులమ్మా, మల్లీ పోయినేటి కత మొదలెట్టకండి."

పోయినేటి కథ రాయాలి, లేకపోతే ఇదేమీ అర్థం కాదు. పోయినేడు అక్టోబరు 19న రాడార్ ముప్పై ఒకటి చూపించింది. నా గ్లాసు చూసి, మబ్బు చూసి, నేను పిలుపు ఇప్పించాను. అందరూ పనలు చేలోనే వదిలేసి ఎక్కారు. వాగు మోకాలి లోతు కూడా రాలేదు. నాలుగు రోజుల ముసురులో కోసిన వరి చేలోనే మొలకెత్తింది. లోయ అంతా ఏడాదిపాటు మొలక బియ్యపు ముద్ద తిన్నది. ఆ ముద్ద జిగటగా, తీపిగా ఉంటుంది. నేనూ తిన్నాను. పంక్తిలో ఎవరూ ఏమీ అనలేదు, అదే కష్టంగా ఉండేది. ఆ తర్వాతే కమిటీ నిబంధన మార్చింది. పిలుపుకు రాడార్ అంకె ఒక్కటే ఆధారం, వాన లెక్క రాసే మనిషి అభిప్రాయం చెల్లదు. రాడార్ అంకె ఇప్పుడు మా గది నుంచి నేరుగా అన్ని చోట్ల తెరల మీదా పడుతుంది. పల్లంలోనూ ఒక తెర ఉంది.

ఆ నిబంధన సరైనదే అని నేనూ చెయ్యెత్తాను.

3.
అక్టోబరు 11, శనివారం. సాయంత్రం 5:10.

ఇవాళ ఉదయం పల్లం వైపు, ఎనిమిదో మెట్ట వైపు గట్టి జల్లు పడింది. మా మీద చుక్క లేదు. చోడి గింజలు ఎండబెట్టుకున్నాం కూడా.

పల్లం గ్లాసు 28, రాడార్ 27. ఎనిమిదో మెట్ట గ్లాసు 33, రాడార్ 33.

సరిపోయాయి. సరిపోనప్పటికంటే ఎక్కువ భయం వేసింది. ఎప్పుడూ తప్పు చెప్పే యంత్రాన్ని సరిదిద్దుకోవచ్చు. ఒకనాడు నిజం, ఒకనాడు సగం చెప్పేదాన్ని ఏం చేస్తాం?

తరళను అడిగాను. మధ్యలో ఏదైనా ముట్టుకున్నావా, మరలు తిప్పావా అని. అంబలి గిన్నె కింద పెట్టింది.

"అమ్మమ్మా, నన్ను అనుమానిస్తన్నావేటి?"

"అనుమానం కాదు. ప్రశ్న."

"నీ ప్రశ్నలు తెలుసు నాకు. చిన్నప్పుడు బెల్లం తక్కువైతే కూడా ఇలాగే అడిగేదానివి."

"బెల్లం తిన్నది నువ్వే కదా."

"అప్పుడు నేనే. ఇప్పుడు కాదు. అయినా రాడార్‌లో తినడానికేముంది?" అంది. రెండు గంటలు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, లోపలి తీగలు, అలలు పంపే డబ్బా, తిప్పే మోటారు అన్నీ విప్పి ఒక్కొక్కటే నా ముందు పెట్టి చూపించింది. అన్నీ బాగున్నాయి. క్షమించమని అడగలేదు నేను. రాత్రికి దాని ముద్దలో నెయ్యి ఎక్కువ వేస్తాను.

4.
అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం 3:30.

తెల్లవారి నుంచి పదకొండు దాకా లోయ అంతా వాన. మా మీదా పడింది. మళ్ళీ అన్నిచోట్లా సగమే.

తరళకు తలంటు పోసి, ఆముదం రాసి, గట్టిగా జడ వేశాను. ప్రతి ఆదివారం లాగే గింజుకుంది. తర్వాత పాత పుస్తకాలు పరుచుకుని కూర్చున్నాను.

జూన్ నుంచి సెప్టెంబరు చివరి దాకా యాభై ఏడు వానలు. గ్లాసుకూ రాడార్‌కూ తేడా ఎప్పుడూ నాలుగు దాటలేదు. దసరా తర్వాత ఆరు వానలు. 4, 6, 11 తేదీల్లో సరి. 7, 8, 12 తేదీల్లో సగం.

గాలి దిక్కు చూశాను, తేడా కనబడలేదు. ఎండ, బ్యాటరీ, వేళ, దూరం అన్నీ చూశాను. వాన పెద్దదా చిన్నదా అని కూడా చూశాను. 11వ తేదీ వాన పెద్దదే, అయినా సరిపోయింది.

పోలిక పట్టికలో మూడు గ్లాసులే ఉన్నాయి. నాలుగోది, మా పెరట్లోది, అందులో లేదు. రాడార్ తన నెత్తి మీద పడే వానను చూడలేదు కనుక, పోల్చడానికి ఏమీ ఉండదని ఆ వరుసను పదకొండేళ్ళ కిందట నేనే తీసేశాను. ఇవాళ వేరే కాగితం మీద ఆ వరుస కూడా రాశాను.

4వ తేదీ, మా గ్లాసు సున్నా. 6, సున్నా. 11, సున్నా.
7వ తేదీ, 44. 8, 49. 12, 38.

మా మెట్ట తడవనప్పుడు రాడార్ నిజం చెబుతోంది. మా మెట్ట తడిస్తే లోయ మొత్తానికీ సగం చెబుతోంది. అంటే తప్పు మబ్బులో లేదు, లోపలి యంత్రంలోనూ లేదు. తడిసేది ఒక్కటే. రాడార్ మీద కప్పిన తెల్ల బుర్ర.

5.
అక్టోబరు 13, సోమవారం. సాయంత్రం 4:25.

పరీక్ష పెట్టాం, బ్యాటరీ సంగతి పక్కనపెట్టి చుట్టు వెంట చుట్టు తిప్పి. మా మీద పొడి. కొండల మీద చిన్న వాన, తెర మీద గంటకు 18. తరళ బిందెతో నీళ్ళు మోసుకుని టవర్ ఎక్కింది. అరవై ఒక్క మెట్లు. నేను తెర ముందు కూర్చున్నాను.

"పొయ్యి" అన్నాను.

అంకె 18 నుంచి 9కి పడింది.

"తుడువు."

17.

మూడుసార్లు చేయించాను. ఒక్కసారి చూసినదాన్ని లెక్క అనరు. మూడుసార్లూ సగమే.

తరళ దిగి వచ్చి, తడి చేతులు చీరకొంగుకే తుడుచుకుని, నెమ్మదిగా చెప్పింది. "ఇదివరకు నీళ్ళు పోస్తే చేమాకు మీద లాగ బొట్లు బొట్లుగా జారిపోయేవి అమ్మమ్మా. ఇప్పుడు బుర్ర అంతా పొరలాగ అంటుకుంటన్నాయి. ఆ నీటి పొరే అలల్ని మింగేస్తంది. దాని మీద పూత ఒకటుండేది. నున్నగా, చేతికి జారేది. అది లేదు. ఎవరో గీకీసినట్టున్నారు."

నేను పెద్ద పుస్తకం తెరిచాను. పనిముట్ల పండుగ నాటి పేజీ. దసరా నాడు మెట్టల మీద నాగళ్ళు, పడవలు, కొడవళ్ళు, మోటార్లు అన్నీ కడిగి బొట్టు పెడతాం. రాడార్‌కూ పెడతాం. అంకెల గడిలో పట్టక అంచున రాసి ఉంది, నా చేతి రాత:

"2-10. రాడార్ బుర్ర శుభ్రం. చింతపండు పావు కిలో, ఇటుక పొడి రెండు దోసిళ్ళు, కొబ్బరి పీచు. జిడ్డు పూర్తిగా పోయింది. తెల్లగా వచ్చింది. హై."

ఇద్దరు ఆడపిల్లలను పైకి పంపి గంటన్నర తోమించాను. చేతికి జారుతోందని వాళ్ళు చెప్పారు. జిడ్డు అది, ఇంకా తోమండి అన్నాను. ఇత్తడి గంగాళం తోమినట్టు తోమించాను. ఆ జిడ్డే పూత.

4:05కి మొదటి మెట్ట స్టోరుకు వైర్‌లెస్ చేశాను. పూత డబ్బా 24వ తేదీ పడవలో వస్తుందన్నారు. ఇంత తొందరగా ఎందుకని అడిగారు. పాతబడింది అన్నాను. ఈ పుస్తకంలో అబద్ధం రాయను కనుక, అక్కడ చెప్పిన అబద్ధాన్ని ఇక్కడ రాస్తున్నాను.

పోలినాయుడికి ఇప్పుడే చెప్పాలి. చెబితే మొదట అడిగేది, తోమించింది ఎవరని. పోయినేటి పిలుపు నాదే, ఈ ఏటి తప్పూ నాదే. ఆ తర్వాత నా గ్లాసునూ నమ్మరు, రాడార్‌నూ నమ్మరు. ఆకాశం పడమట శుభ్రంగానే ఉంది. రేపు ఉదయం చెబుతాను.

తరళ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నా దగ్గరే నేర్చుకుంది అలా చూడడం.

6.
అక్టోబరు 14, మంగళవారం. ఉదయం 8:45.

వాన 7:30కి మొదలైంది, తూర్పు నుంచి ముందు మా మీదికి, తర్వాత కొండల మీదికి. 8:10కి తెర మీద కొండలు 22. 8:40కి 23. రెట్టింపు చేస్తే 44, 46. గీత దాటి ముప్పై ఐదు నిమిషాలయింది. తెర మాత్రం 23 అంటోంది.

కొండల మీద గట్టి వాన మొదలైంది 8:10. ఐదు గంటలు కలిపితే 1:10. అప్పటికి కత్తివాగు నిండుతుంది. పల్లం వాళ్ళు గుడిసెలు వదిలి, పిల్లలతో, ముసలివాళ్ళతో వాగు దాటి ఇవతలి గట్టు ఎక్కడానికి మూడు గంటలు. పోయినేడు కొలిచాను. రెండు గంటల యాభై ఎనిమిది నిమిషాలు. అంటే పది దాటితే ఆలస్యమే.

7.
అదే రోజు. ఉదయం 9:15.

పోలినాయుడితో మాట్లాడాను. మాట మాట రాస్తున్నాను.

"పోలినాయుడూ, కొండల మీద నలభై దాటింది. ఎక్కండి."

"తెర మీద ఇరవై మూడున్నాది పంతులమ్మా."

"తెర సగమే చూపిస్తోంది. తప్పు రాడార్‌ది కాదు, నాది. దసరా నాడు బుర్రను చింతపండు పెట్టి తోమించాను. దాని పూత పోయింది. మా మీద వాన పడితే నీటి పొర కట్టి అంకె సగానికి పడిపోతోంది. పరీక్ష పెట్టి చూశాం."



"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్న నాలుగింటికి."

"నిన్న సెప్తే పనలు కట్టుకుని బళ్ళెక్కించీసేవోళ్ళం."

"అవును."

"పోయినేడు మీరు పిలిత్తే వొచ్చినాం. అప్పుడు నీల్లు రాలేదు. ఇప్పుడు రాడార్ వొద్దంటంటే మీరు రమ్మంటన్నారు."

"అవును."

 "నాను నమ్ముతాను పంతులమ్మా. మీరు తప్పు నాదని అనడం పుట్టి బుద్దెరిగి వినలేదు, అందుకు నమ్ముతాను. గానీ నానొక్కడినే ఉన్నానేటి ఇక్కడ? మొలకల ముద్ద తిన్నోళ్ళు రెండొందల మంది. కోసిన సేను ఒగ్గీసి నా మాట మీద ఎక్కరు. తెర మీద రెండుసార్లు నలభై సూపించండి. కొడవళ్ళు లాక్కునైనా ఎక్కిత్తాను."

"తెర మీద నేను రాయలేను కదా."

"మరి బుర్ర తుడిపించండి."

తుడిస్తే అర నిమిషంలో మళ్ళీ తడుస్తుంది. రాడార్ ఒక చుట్టు పూర్తి చెయ్యడానికి ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలూ నీళ్ళు నిలవకుండా జారిపోవాలి. గొడుగు పట్టినా లాభం లేదు, గొడుగే తడుస్తుంది.

తరళ అప్పటికే నా గదిలోకి వెళ్ళి ఆముదం సీసా పట్టుకుని వచ్చింది.

"ఆదివారం ఇది రాసి నన్ను వానలో నీళ్ళకి పంపితే నా తల తడవదు. చుక్క నిలవదు. నీకు తెలీదేటి?"

తెలుసు. ఇరవై ఏళ్ళుగా నా చేత్తోనే రాస్తున్నాను. నిన్న సాయంత్రమంతా పూత గురించే ఆలోచించాను, ఇది తట్టలేదు. నిన్న సాయంత్రం నేను ఆలోచించింది పూత గురించి కాదు, నా గురించి.

మెరుపుకూ ఉరుముకూ మధ్య పద్నాలుగు సెకన్లు. ఐదు కిలోమీటర్ల దూరం. ఎక్కవద్దని అనలేదు. నడుముకు పట్టీ కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాను.

8.
అదే రోజు. ఉదయం 10:20.

9:31కి ఎక్కింది. నూలు గుడ్డలు ఆరు, ప్లాస్టిక్ సంచిలో చుట్టి నడుముకు కట్టాను. ముందు వానకు అడ్డంగా చిన్న రేకు ముక్క పట్టుకుని దాని కింద తుడవాలి, ఆరిన చోట ఆముదం పల్చగా రుద్దాలి, గుప్పెడు పొయ్యకూడదు. అన్నీ చెప్పాను. "తెలుసు" అంది ప్రతిదానికీ.

9:40 చుట్టు. తెర మీద 44.

పోలినాయుడు వెంటనే పలికాడు. "సూసినాం. ఇంకోపాలి."

మెరుపుకూ ఉరుముకూ మధ్య పదకొండు సెకన్లు. దిగమని అరిచాను. వైర్‌లెస్‌లో తరళ గొంతు పలికింది. "వాన గట్టిగుంది అమ్మమ్మా. ఆముదం కొట్టుకుపోతంది. దిగితే రెండో అంకె రాదు."

ఆ అరగంటలో నేను చేసినవి రాస్తున్నాను. పెద్ద పుస్తకంలో 44 రాసి సంతకం పెట్టాను. పిలుపుకు ఊదే కొమ్ము మీద ధూళి తుడిచాను. ఉరుములు లెక్కపెట్టాను. పదకొండు, పదకొండు, తొమ్మిది. ఎనిమిది. దాని చిన్నప్పుడు బెల్లం లెక్క అడిగినందుకు మొదటిసారి సిగ్గుపడ్డాను.

10:10 చుట్టు మొదలయ్యే ముందు ఇంకోసారి రుద్దింది. ఆరు నిమిషాలు. ఉరుము ఏడు సెకన్లు.

41.

10:17కి కొమ్ము ఊదాను. తరళ 10:19కి దిగింది. అరచేతులు రెండూ ఇనుము రాసుకుని తోలు లేచాయి. ఆముదమే రాశాను. వేరే ఏమీ లేదు.

9.
అదే రోజు. మధ్యాహ్నం 12:40.

పల్లం నుంచి అంకెలు, పోలినాయుడు చెప్పినవి చెప్పినట్టు.

11:00కి వాగు దాటినవాళ్ళు 19. పనలు వదలడం లేదు. "ఒకడు మోపు నెత్తినెట్టుకుని ఉన్నాడు, దించనంటాడు. అడ్డీసినాను" అన్నాడు.
11:30కి 61. వాగు మోకాలి లోతు.
12:00కి 118. వాగు నడుము లోతు. తాడు కట్టారు.
12:30కి 163. నీళ్ళు ఎర్రబడుతున్నాయి.

మిగిలినవాళ్ళు నలభై తొమ్మిది మంది. ముప్పై నిమిషాలకు నలభై ఐదు చొప్పున దాటుతున్నారు. 12:30 నుంచి 1:10కి నలభై నిమిషాలు. భాగహారం చేశాను. ఏడు నిమిషాలే మిగులుతాయి. అదీ నా ఐదు గంటల లెక్క సరైతేనే. ఈ నెలలో నా లెక్కలు ఎలా ఉన్నాయో పైన రాసే ఉంది.

తరళ కట్టు కట్టిన చేతులతో మళ్ళీ పైకి వెళ్తానంటోంది. కొండల మీది అంకె ఆగిందో పెరిగిందో తెలియాలి. నిజమే. రెండోసారి ఎక్కింది.

10.
అదే రోజు. మధ్యాహ్నం 1:35.

1:04కి 207.

ఆ తర్వాత పోలినాయుడు పలకలేదు. 1:06, 1:08, 1:10 మూడుసార్లూ పిలిచాను. వైర్‌లెస్‌లో నీటి హోరు, ఎవరో ఆడమనిషి "తాడొగ్గకు, తాడొగ్గకు" అనడం. అంతే.

1:13కి పలికాడు. ఊపిరి అందడం లేదు. "నడవనేని ముసలి గవరమ్మని మంచంతోపాటు మోసుకొచ్చినాం పంతులమ్మా. నలుగురం. మంచం వాగట్టుకుపోనాది, గవరమ్మ ఉన్నాది. తిడతంది కూడాను, మంచం పోనాదని."

"లెక్క చెప్పు."

"రెండొందల పన్నెండు. నాతో కలిపే."

"మళ్ళీ లెక్కపెట్టు."

పెట్టాడు. నేను వింటూ ఉండగా పేరు పేరునా పిలిచాడు. రెండు వందల పన్నెండు గొంతులు కావు, కొన్ని దగ్గులు, కొన్ని ఏడుపులు, ఒకరిద్దరి తిట్లు. 212.

1:22కి వాగు వచ్చింది. తాడు కట్టిన చెట్టు కూడా లేదన్నాడు. ఐదు గంటల పన్నెండు నిమిషాలు పట్టింది. పన్నెండు నిమిషాల తేడా రాసుకున్నాను.

 తర్వాత తనే అన్నాడు. "సేనంతా పోనాది. ఈసారి మొలకలు కూడా మిగలవు. మనుసులున్నారు, అది సాలు అంటారు అందరూ. మీరనకండి పంతులమ్మా. నిన్న సెప్పుంటే సగం గింజలు పైకొచ్చేవి."

అనను. నిన్న సాయంత్రం నాలుగింటి నుంచి ఇవాళ తొమ్మిదింటి దాకా పదిహేడు గంటలు. పద్నాలుగు బళ్ళున్నాయి పల్లంలో. చీకటి పడేలోగా ఒక్కొక్కటి రెండుసార్లు దాటినా ఇరవై ఎనిమిది బళ్ళ వరి. ఆ లెక్క ఎవరూ అడగకముందే ఇక్కడ రాస్తున్నాను.

వాన తగ్గలేదు. తరళ ఇప్పుడే దిగింది. కొండల మీద 1:10 చుట్టులో 52.

11.
అదే రోజు. మధ్యాహ్నం 1:55. ఇక జరగవలసినవి:

1. 52 చూపిన వాన సాయంత్రం ఆరు లోగా ఎనిమిదో మెట్ట అడుగు వరుసకు చేరుతుంది. అక్కడ పదహారు ఇళ్ళు. తరళ దిగే ముందు రాసిన ఆముదంతో 1:40 చుట్టు కూడా నలభై దాటింది, 43. కొమ్ము ఊదాను. మూడున్నర లోగా ఖాళీ చేయించాలి. గొడ్లను ముందు తోలాలి, తర్వాత చెబితే ఎవరూ కదలరు.

2. వాన ఆగేదాకా ప్రతి చుట్టుకు ముందు బుర్ర తుడిచి ఆముదం రాయాలి. సీసాలో నాలుగు వేళ్ళ మందం మిగిలింది. ఆరో మెట్ట వాళ్ళు ఇంటింటా అడిగి రెండు సీసాలు పంపుతున్నారు. తరళ చేతులు పనికిరావు. దసరా నాడు తోమిన ఇద్దరు పిల్లలే ఎక్కుతామంటున్నారు. ఉరుము పది సెకన్ల లోపుంటే ఎవరినీ ఎక్కించకూడదు, అంకె రాకపోయినా సరే.

3. బుర్ర పొడిగా ఉన్నప్పుడు తప్ప తెర అంకెను నమ్మవద్దని మిగతా మెట్టలన్నిటికీ ఇప్పుడే చెప్పాలి. వాళ్ళూ దసరా నాడు తోమారేమో అడగాలి. నేర్పింది నేనే.

4. మొదటి మెట్ట స్టోరుకు నిజం చెప్పాలి. పాతబడలేదు, తోమించాను. డబ్బా 24న కాదు, రేపే కావాలి.

5. పోలిక పట్టికలో నాలుగో వరుస, మా గ్లాసుది, మళ్ళీ చేర్చాలి. పెద్ద పుస్తకంలో వివరాల గడి తిరిగి పెట్టమని కమిటీని అడగాలి. ఇవ్వకపోతే ఈ పుస్తకం దాని పక్కనే ఉండాలి.

6. వాన లెక్క రాసే గది తాళంచెవి తరళకు ఇవ్వాలి. సంతకం దానిది. లెక్క సరిచూడడానికి నన్ను ఉంచుకుంటుందో లేదో అది దాని ఇష్టం.

7. ఆదివారం పల్లం వాళ్ళందరూ మెట్ట మీద భోజనానికి కూర్చున్నప్పుడు 2వ తేదీ పద్దు, 13వ తేదీ పద్దు నేనే పైకి చదవాలి. పోలినాయుడు మధ్యలో ఆపుతాడు, గవరమ్మ మంచం సంగతి ఎత్తి నవ్వించబోతాడు. ఆగకుండా, చివరి మాట దాకా చదవాలి.